డి డ్రైవులో ఏం లేదు సార్

మిషన్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద రెండు వరుసలు వస్తయి. పైన లినక్స్, కింద విండోస్. ఏది కావాల్నో చెప్పమని కాసేపు ఆగుతది. చెప్పకపోతే పైదాన్నే తెరుస్తది. ఒకే మిషన్ల రెండు సిస్టంలు పెట్టుకున్న పిల్లలు ఇప్పుడు మా గల్లీలనే ఉన్నరు. నేను కూడా ఒకప్పుడు ఆ పని చేసినోన్నే అని ఎవరో చెప్పినట్టున్నరు. "మొదటిసారి ఎట్ల ఎక్కించినవ్ తాతా, అంతా కరాబ్ చేసినవా?" అని అడుగుతరు. కరాబ్ చేసిన కథ అయితే నవ్వుకోవచ్చని వాళ్ల ఆశ.

కరాబ్ చెయ్యలేదు. ఒక్క తప్పు లేకుండ ఎక్కించిన. నా కోపమంతా దాని మీదనే.

నేను బడిల చదివింది తక్కువ. మాది బచ్చన్నపేట దిక్కు చెల్కల ఊరు. జనగామల ఒక సర్కారు ఆఫీసుల అటెండర్‌గా చేరిన. ఏ ఆఫీసో చెప్ప. చెప్పినా మీకు ఒరిగేదేం లేదు, అన్ని ఆఫీసులల్ల అవే ఇనుప బీరువాలు, అదే పాత కాయితాల వాసన. కంప్యూటర్ వచ్చిన కొత్తల దానికి ఒక గది ఇచ్చి, చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలన్నరు. ఆ గది ఊడ్చే పని నాది. ఊడ్చుకుంటనే చూసిన. చూసుకుంటనే నేర్చుకున్న. పాత కాయితాలు కొనే రద్దీ దుకాణంల కిలోల లెక్క అమ్మే కంప్యూటర్ పత్రికలు తెచ్చుకొని, అర్థం కాని మాట మీద వేలు పెట్టుకొని అర్థమయ్యేదాక కూసున్న. ట్రైనింగులకు పోయే జాబితాల నా పేరు ఏనాడూ రాయలే. పోనీ. ఇంకా మీదికి పోతే ఇవాళ నేను చెప్పాలనుకున్న సంగతి ఇడిచిపెట్టి ఆ జాబితాలు రాసినోళ్ల సంగతే రాస్త.

సంగతి నేను లినక్స్ ఎక్కించిన మిషన్‌ది. దానిది, నాది ఒకటే సర్వీసు. జనగామల ఉన్నది, నాతోటి మహబూబాబాద్ వచ్చింది. కొత్త జిల్లాలు అయినప్పుడు బీరువాలు, కుర్చీలు, మనుషులు అందరం వాటాలు పడ్డం. నేనూ అదీ కలిసి భూపాలపల్లి వాటాకు వచ్చినం. లారీల దానికి దుప్పటి చుట్టి, నేను పక్కన కూసొని పట్టుకొచ్చిన. అప్పటికి నాకు రికార్డు అసిస్టెంటుగా ప్రమోషన్ వచ్చింది. మిషన్‌కు మాత్రం ఏం రాలే.

మీ తరంల ఇది పోయినట్టుంది గనుక చెప్త. అప్పట్ల ఏ మిషన్ అయినా లోపల రెండు అర్రలు చేసేటోళ్లు. సి డ్రైవు, డి డ్రైవు. సి ల విండోస్ ఉంటది. వైరస్ పట్టి మిషన్ మూలుగుడు మొదలైతే దుకాణపాయన వచ్చి సి ని తుడిచి మళ్ల ఎక్కించి పోయేటోడు. పోయేటప్పుడు ప్రతిసారి ఒకటే మాట. "సి కొట్టేసిన, డి ముట్టలే." ఏండ్ల తరబడి ఆ మాట విని విని, మా ఆఫీసుల అందరికీ ఒక నమ్మకం కుదిరింది. సి పోతది, వస్తది. డి పోదు. లాకర్ల పెట్టుకున్నట్టే డి ల పెట్టుకున్నరు. జనగామ నుంచి వచ్చిన క్లర్కు గృహప్రవేశం ఫొటోలు, మహబూబాబాద్ నాటి బతుకమ్మ పాటలు, చర్చికి పోయే టైపిస్టు క్రిస్మస్ పాటలు, ఎవరివో పుట్టువెంట్రుకలు, ఇంకెవరివో సినిమాలు. అన్నీ 'న్యూ ఫోల్డర్' అనే పేరుతోని, ఒకదాంట్ల ఒకటి, ఉల్లిగడ్డ పొరల లెక్క.

సర్కారు మిషన్ల సొంత సరుకు పెట్టొద్దని గోడకు కాయితం అంటించి ఉండె. కాయితం కింద కూసొనే అందరూ పెట్టుకున్నరు. పెట్టినమని ఒక్కరు ఒప్పుకోరు.

ఆ మిషన్ మీద కూసొనేది ఒక ఆపరేటర్ పిల్ల. మహబూబాబాద్ పక్క తండా వాళ్లది. ఇంట్ల వాళ్ల భాష, ఆఫీసుల మన భాష. పర్మినెంటు కాదు, కాంట్రాక్టు. ప్రతి ఏడు ఆఫీసరు సంతకం పెడితేనే వచ్చే ఏడు ఉద్యోగం. నన్ను కాకా అని పిలిచేది. మా సూపరింటెండెంటుకు ఆమెను గెలుకుడంటే సరదా. ఒకసారి "మీ భాషల చాయ్ తేపో అని ఎట్లంటరమ్మా" అని అడిగిండు. ఆమె కీబోర్డు మీద చేతులు తియ్యకుంటనే, "మా దాంట్ల ఆ మాట లేదు సార్, ఎవరి చాయ్ వాళ్లే తెచ్చుకుంటరు" అన్నది. ఆఫీసంతా నవ్వింది. సూపరింటెండెంటు గూడ నవ్విండు. కాని యాది పెట్టుకున్నడు.

ఆ ఏడు కొత్త ఆఫీసరు వచ్చిండు. చిన్న వయసు, చురుకు. చెడ్డోడు కాదు. చెడ్డోళ్లతోని నాకు సర్వీసుల పెద్ద పరేషాన్ కాలేదు, వాళ్లు ఏం చేస్తరో ముందే ఎరుక ఉంటది. ఈయన మంచోడు, ఆగేటోడు కాదు. పై ఆఫీసరు పర్యటనకు వస్తున్నడని, ఆఫీసులల్ల ఖర్చు లేని సిస్టం వాడుతున్నమని చూపెట్టాల్నని పైనుంచి మాట వచ్చింది. లినక్స్ ఎవరికి వస్తదని అడిగితే సూపరింటెండెంటు నా దిక్కు చూపెట్టిండు.

నిజం చెప్త. ఆ రోజు నాకు సంబురమైంది. చదివిన గాని చెయ్యలే. చేసెటందుకు మిషన్ ఎవడిస్తడు? హనుమకొండ పోయి ఒక నెట్ సెంటర్ల కూసొని లినక్స్‌ను పెన్‌డ్రైవులకు దించుకొని వచ్చిన. బస్సుల జేబు మీద చెయ్యి తియ్యలే.

మిషన్ తెరిచి చూస్తే సి నిండ కిక్కిరిసి ఉన్నది. కొత్తదానికి జాగ కావాలంటే డి ల నుంచే తియ్యాలె. ఆఫీసరుకు అదే చెప్పిన. డి ల ఉన్నది వేరే దగ్గరికి తీసి, సగం జాగ దీనికిద్దాం, ఒక రోజు పడతది సార్ అన్న. పర్యటన తెల్లారే. ఆయన అందరినీ మిషన్ చుట్టూ పిలిచిండు.

"డి లో ఏముంది?"

డి తెరిచి పెట్టిన. న్యూ ఫోల్డర్లు వరుసగా కనిపిస్తున్నయి. సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నడు.

"ఏం లేదు సార్. పాత బిల్లుల కాపీలు. అన్నీ ఆన్‌లైన్ అయినయ్."

క్లర్కు ఏం లేదన్నడు. టైపిస్టు ఏం లేదన్నది. ఆపరేటర్ పిల్ల దిక్కు చూసిండు ఆఫీసరు. ఆమె గోడకు అంటించిన కాయితం దిక్కు చూసి, "ఏం లేదు సార్" అన్నది.

"ఒక్కొక్క ఫోల్డర్ ఇప్పి చూద్దాం సార్" అన్న నేను.

"ఏమీ లేనిదానికి చూసేదేముంది? డి మొత్తం ఇచ్చేయండి. పాత సిస్టం ఎటూ పోదు కదా, ఇది పక్కన ఉంటుంది, అంతే కదా?"

పాతది ఎటూ పోదు సార్ అన్న. అది నిజమే. ఆ గదిల ఉన్నోళ్లందరికీ చెవిల పడ్డది ఆ ఒక్క మాటే. పక్కన ఉంటది, పాతది పోదు. అర్రల ఇంకో బీరువా తెచ్చి పెడుతున్నరు, మన సామాను మన మూలకు ఉంటది అనుకున్నరు. దానికితోడు డి పోదనే నమ్మకం ఎట్లాగూ ఉండనే ఉన్నది. అందుకే అందరూ అంత నిమ్మలంగ ఏం లేదని చెప్పగలిగిన్రు. ఆఫీసరు ముందల నిలబెట్టి అడిగితే నిజం వస్తదని అనుకున్నోళ్లకు దండం.

డి ని తీసేసిన. ఆ జాగల లినక్స్‌కు అర్ర కట్టిన. తెర మీద ఒక పట్టీ మెల్లగ నిండుడు మొదలుపెట్టింది. అది నిండుతుంటే చూసుకుంట కూసోవచ్చు, వేరే పని లేదు. నేను బయట వరండాల నిలబడి గాలి పీల్చుకున్న. గనుల దిక్కు నుంచి షిఫ్ట్ దిగినోళ్లు సైకిళ్ల మీద పోతున్నరు. నాకు నా చేతుల మీద ముచ్చటేసింది.

సూపరింటెండెంటు మెల్లగ పక్కకు వచ్చిండు.

"అన్నా, మా పెద్దబిడ్డ పెండ్లి వీడియో, ఫొటోలు డి ల ఉన్నయే. డి పోదు గద?"

"పోయింది."

"మజాక్ చెయ్యకు."

"డి అనేదే లేదిప్పుడు."

ఆయన మొఖం ఒకపారి చిన్నగైంది, మళ్ల తేరుకున్నది. "పోనీతీ, ఇంట్ల సీడీ ఉన్నది" అనుకుంట లోపలికి పోయిండు. ఆయన వెనకాల తలుపు దగ్గర ఆ పిల్ల నిలబడి ఉన్నది. ఎప్పటిసంది నిలబడ్డదో తెల్వదు.

"కాకా, డి పోయిందా?"

"పోయింది బిడ్డా. నీదేమన్న ఉన్నదా?"

"మా యాడి ఉన్నది."

వాళ్ల ఇండ్లల్ల అమ్మను యాడి అంటరు. నాకు ముందు సమజ్ కాలే. ఆమె చెప్పింది చాలా తక్కువ మాటలల్ల చెప్పింది. తల్లికి గొంతుల గడ్డ. పట్నంల దవాఖాన డాక్టర్లు గొంతు తీసేస్తేనే మనిషి బతుకుతదన్నరు. ఆపరేషన్‌కు ముందు ఈమె తల్లిని కూసోబెట్టి, ఫోన్ ముందల పెట్టి, వచ్చిన పాటలన్నీ పాడిచ్చుకున్నది. వాళ్లల్ల పెండ్లిపిల్ల అత్తగారింటికి పోయేముందు ఏడ్చుకుంట పాడే పాట ఉంటదట. తల్లి పేరు, అన్నదమ్ముల పేర్లు, వాడకట్టు పేర్లు పెట్టుకుంట పాడతరట. ఆ పాట ఆ తండాల పూర్తిగ వచ్చింది ఆ తల్లికే. పాటలతోపాటు ఊకె మాటలు గూడ తీసుకున్నది. బర్రెను పిలిచేది, పక్కింటామెను తిట్టేది. ఆపరేషన్ అయింది. తల్లి బతికింది. మాట లేదు. తర్వాత ఫోన్ పాడైతే దుకాణంల దాన్ని మొత్తం తుడిచి ఇస్తమన్నరు. తుడిచేముందు ఆ పాటలన్నీ ఆఫీసుకు తెచ్చి డి ల పెట్టింది. పెన్‌డ్రైవ్ ఒకటి కొనాలె కొనాలె అనుకుంటున్నది. డి పోదని అందరూ అంటుండిరి గద.

నేను ఉరికిన. పట్టీ ఇంక సగానికి రాలే. గోడకున్న ప్లగ్గు పట్టుకొని గుంజిన.

ఇది మీరు తెలుసుకోవాలె. డిస్కు మీద ఉన్నది తీసేసినమంటే అది అప్పుడే పోదు. దాని మీద ఇంకోటి రాస్తేనే పోతది. రాసినకాడికి పోయింది, రాయనికాడ ఇంకా ఉన్నది. ఆ డిస్కును ఎవరూ ముట్టకుంట హైదరాబాద్ తీస్కపోతే, అట్ల పోయినవి వెతికే దుకాణాలు ఉన్నయి. ఎంత వస్తదో చెప్పలేం గాని ఎంతో కొంత వస్తది. ఆ పాట ఏ మూలకు ఉన్నదో ఎవరికెరుక? నిండని సగంలనే ఉండొచ్చు.

ఆఫీసరు వచ్చిండు. ఎందుకాపారన్నడు. డి ల ముఖ్యమైంది ఒకటి ఉన్నది సార్, ఈ డిస్కును ఇట్లనే పక్కకు పెట్టాలె అన్న.

"ఎవరిది?"

ఆ పిల్ల సూపరింటెండెంటు వెనకాల నుంచి నా దిక్కు చూసింది. తల అటు ఇటు ఊపింది, కనపడీ కనపడనట్టు. ఆమె కాంట్రాక్టు ఫైలు ఆ వారం ఆఫీసరు టేబుల్ మీదనే ఉన్నది. గోడ మీద కాయితం గోడ మీదనే ఉన్నది. మందు బిల్లులు ఆ జీతం మీదనే నడుస్తున్నయి.

నేను సూపరింటెండెంటును చూసిన. పర్మినెంటు మనిషి. పెండ్లి వీడియో నాది సార్ అని ఒక్క మాట అంటే ఆయనకు వెంట్రుక గూడ ఊడదు. ఒక మెమో వస్తది, దానికొక జవాబు రాస్తడు, అంతే. ఆ ఒక్క మాటతోని డిస్కు ఆగుతది. ఆయన ఫ్యాన్ దిక్కు చూసి స్పీడు తగ్గినట్టుందే అన్నడు.

"నాది సార్" అన్న.

"మీది ఏముంది?"

"మా అమ్మ పాటలు."

ముందు ఎవరో కిసుక్కుమన్నరు. తర్వాత గది మొత్తం నవ్వింది. రిటైరయ్యే వయసుల ఉన్న రికార్డు అసిస్టెంటుకు సర్కారు మిషన్ల అమ్మ పాటలు. ఆఫీసరు గూడ నవ్వాపుకున్నడు. మా అమ్మ నాకు ఊహ తెల్వక ముందే పోయింది, పాడేదో లేదో నాకు తెల్వదు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. నవ్వకపోతే అనుమానం వస్తదని గూడ ఆమెకు తోచలేదు.

"పెద్దాయనా, మీకు మెమో ఇవ్వకతప్పదు. అది తర్వాత చూద్దాం. ముందు మిషన్ పూర్తి చేయండి."

"నేను చెయ్య సార్."

సర్వీసుల ఆ మాట అన్నది అదొక్కసారే. నాకు తప్ప ఆ పని ఎవరికీ రాదు, నేను కూసోకపోతే ఆగుతదనుకున్న. ఆఫీసరు గదంతా చూసిండు.

"మీరు పొద్దటి నుంచి పక్కనే చూస్తున్నారు కదమ్మా. మీరు చేయండి."

ఆ పిల్ల వచ్చి కుర్చీల కూసున్నది.

ప్లగ్గు సూపరింటెండెంటు పెట్టిండు. ఆమె మొదటి నుంచి ఒక్కొక్కటి చేసుకుంట పోయింది. ఏ తెర తర్వాత ఏ తెర వస్తదో, ఎక్కడ ఏది ఎంచాల్నో నేను చేస్తుంటే చూసింది గద. ఒక్క దగ్గర చెయ్యి ఆగింది. ఈ అర్రల ఉన్నదంతా చెరిగిపోతది, సరేనా అని మిషన్ ఇంగ్లీషుల అడిగేకాడ. నేను బయటికి పోదామనుకున్న, పోలే. ఆమె సరే అని నొక్కింది. పట్టీ మొదటి నుంచి మళ్ల నిండింది. ఈసారి ఎవరూ ఆపలే.

తెల్లారి పై ఆఫీసరు వచ్చిండు. చాయ్ తాగినంతసేపు ఆ గదిల ఉన్నడు. అందులో ఫోన్ మాట్లాడిందే ఎక్కువ. తెర ముందల మా ఆఫీసరును నిలబెట్టి ఫొటో తీసిన్రు, గ్రూపుల పెట్టిన్రు, బొటనవేళ్లు వచ్చినయి. పోయినంక సూపరింటెండెంటు "విండోస్ తెరువమ్మా, బిల్లులున్నయ్" అన్నడు. ఆ లినక్స్‌ను ఆఫీసుపని కోసం మళ్ల ఎవరూ తెరవలే. ఒక్క ఉత్తరం దాంట్ల టైపు కాలే. ఆ జాగల అది ఊకెనే పండుకున్నది.

ఆఫీసరు కొన్ని నెలలకు బదిలీ మీద పోయిండు. పోయేముందు ఆ పిల్ల ఫైలు మీద సంతకం పెట్టిండు. నాకు మెమో ఇచ్చిండు. రెండూ మంచిగ గుర్తుపెట్టుకొని చేసిండు.

నేను ఊకోలే. ఆదివారాలు ఆఫీసుకు పోయి, పోయినవి వెతికే ప్రోగ్రాం తెచ్చి డిస్కంతా గాలించిన. దొరికినయి. ఏం దొరికినయో చెప్తే మీరు నమ్మరు. సూపరింటెండెంటు బిడ్డ పెండ్లి ఫొటోలు. సగం సగం. పెండ్లికొడుకు తలపాగ ఉన్నది, కిందికి మూతి లేదు. బంతిల విస్తర్లు ఉన్నయి, కూసున్నోళ్లు లేరు. ఇంట్ల సీడీ ఉన్నాయనవి తిరిగి వచ్చినయి. శబ్దం ఉన్న ముక్కలు గూడ వచ్చినయి. ఆ పిల్ల చెవులకు పెట్టుకొని ఒక్కొక్కటే విన్నది. సినిమా పాట ముక్క, క్రిస్మస్ పాట ముక్క, ఎవరిదో మీటింగుల స్పీచి. విన్నంక ప్రతిసారి నా దిక్కు చూసి తల ఊపేది, కాదని. ఆఖరుకు తనే చెవులకున్నవి తీసి వైరు చుట్టి టేబుల్ మీద పెట్టింది. "చాలు కాకా, ఇంటికి పో. అక్క ఎదురుచూస్తది" అన్నది. మా ఇంటామెను అక్క అనేది.

ఆ తల్లిని నేను ఒక్కసారి చూసిన. తండాకు పోయిన. పాటలు పోయినయని బిడ్డ ఆమెకు చెప్పలేదట. నేను గూడ చెప్పలే. ఆమె నాకు నీళ్లిచ్చింది, ఎవరని చేత్తోనే అడిగింది. ఆఫీసుల కంప్యూటర్ చూస్తడని బిడ్డ వాళ్ల భాషల చెప్పినట్టుంది. ఆమె తన గొంతు మీద వేలు పెట్టుకొని, తర్వాత నా దిక్కు చూపెట్టి, రెండు చేతులు జోడించింది. నా గొంతు నీ దగ్గరనే ఉన్నది గద, పైలం అన్నట్టు. నేను నీళ్లు తాగిన. ఎండలు ముదిరినంక ఆమె పోయిందని కబురొచ్చింది.

ఇందుల నా తప్పెంత అని నన్ను అడగొద్దు. నేను అడిగిన, ఆపిన, చెయ్యనన్న. తప్పు ఆ గోడ మీద కాయితానిది అంట నేను. ఒక మనిషి తన తల్లి గొంతు దాచుకున్న అని నోరు తెరిచి చెప్పుకోలేని కొలువు పెట్టినోళ్లది అంట. సీడీ ఉన్నాయన నోట్లకెల్లి ఒక్క మాట రాకపోవుడుది అంట. మీరు పెద్ద పెద్ద కంపెనీలల్ల ఉంటరు, మీ దగ్గర ఇట్ల జరగదంటరు. జరగనీయకున్రి మరి. ఎవడన్న ముసలోడు ప్లగ్గు గుంజి ఇది నాది అంటే, నవ్వేముందు ఎవరు నవ్వుతలేరో ఒకసారి చూడున్రి.

సూపరింటెండెంటు ఒకసారి నన్ను పిలిచి, మిషన్ లేవంగనే ఆ రెండు పేర్ల తెర ఎందుకు, తీసెయ్యి, సీదా విండోస్ వచ్చేటట్టు చెయ్యి అన్నడు. అది చిటికెల పని. చెయ్యబోతుంటే ఆ పిల్ల నా చెయ్యి మీద చెయ్యి పెట్టింది. "ఉండనీ కాకా" అన్నది. ఎందుకని అడగలే. అది తీసెటందుకు రాదు సార్ అని ఆయనకు అబద్ధం చెప్పిన.

సర్వీసుల నా ఆఖరి రోజు పొద్దున, దండలు తెచ్చేటోళ్లు రాకముందే ఆఫీసుకు పోయిన. కరెంటు పోయి అప్పుడే వచ్చింది. ఆ పిల్ల మిషన్ ఆన్ చేసింది. నేను వెనకాల బీరువా దగ్గర ఉన్న, చూడలే నన్ను. నల్లటి తెర, రెండు వరుసలు. కింది బాణం నొక్కితే విండోస్. ఆమె రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్నది, నొక్కలే. మిషన్ ఆగి ఆగి పైదాన్ని, డి జాగల కూసున్నదాన్ని, తెరిచింది. ఖాళీ తెర వచ్చింది. దాని మీద ఏం లేదు. ఆమె దాని దిక్కు కొంచెంసేపు చూసుకుంట కూసున్నది. తర్వాత దాన్ని మూసి, మిషన్ మళ్ల మొదలుపెట్టి, ఈసారి బాణం నొక్కి విండోస్ తెరిచింది.

లోపలి గదిలకెల్లి సూపరింటెండెంటు కేకేసిండు. "ఏందమ్మా, ఈ మిషన్ రోజూ లేటు లేస్తది?"

"పాతది గద సార్" అన్నది ఆమె, బిల్లులు తెరుచుకుంట.